బోరునీటిలో ఉన్నది ఏ క్రోమియం?

చెన్నై బీచ్ నుంచి తాంబరం వెళ్లే లోకల్ రైలు పల్లావరం దాటగానే ఆగే స్టేషను క్రోమ్‌పేట. ఒక లోహం పేరే ఆ పేటకు పేరైంది. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో అక్కడ వెలసిన క్రోమ్ లెదర్ కంపెనీయే దానికి కారణం. అంతకు కొన్నేళ్ల ముందే మద్రాసు ప్రభుత్వ ఉద్యోగి ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ క్రోమియం లవణాలతో తోళ్లు పదును చేసే పద్ధతిని ఇక్కడ ప్రయోగాలుగా మొదలుపెట్టాడు. ఎంత నానినా కుళ్లని ఈ తోలు మోటబావుల్లో నీళ్లు తోడే తోలు బానలకు బాగా పనికివస్తుందన్నది ఆ ప్రయత్నాల వెనుక ఉన్న ఆలోచనల్లో ఒకటి. నీళ్లు తోడటానికని తెచ్చిన పద్ధతి వల్లే ఈనాడు అదే చుట్టుపక్కల బోరునీళ్లను పరీక్షించి చూసుకోవలసి వస్తోంది.

పల్లావరం, నాగల్‌కేణి, క్రోమ్‌పేట ప్రాంతాల తోళ్ల కర్మాగారాల చుట్టూ భూగర్భజలాల్లో క్రోమియం గురించి పరిశోధకులు ఏళ్ల తరబడి అధ్యయనాలు చేశారు. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చి ఈ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో బోరు మీద ఆధారపడినవి తక్కువేమీ కావు. అపార్ట్‌మెంటు సంఘం ఒక సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకు పంపుతుంది. నాలుగు రోజుల తర్వాత వచ్చే నివేదికలో ‘మొత్తం క్రోమియం’ అని ఒక వరుస, దాని ఎదుట ఒక అంకె ఉంటాయి. అంకె ప్రమాణానికి లోపల ఉంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఆ ఒక్క వరుసలో రెండు వేర్వేరు పదార్థాలు ఇమిడి ఉన్నాయన్న సంగతి నివేదిక చెప్పదు.

తోలు పదును చేయడానికి వాడేది మూడో ఆక్సీకరణ స్థితిలో ఉన్న క్రోమియం (ఆక్సీకరణ స్థితి అంటే పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుకుందన్న లెక్క). దాన్ని క్రోమియం-3 అందాం. అది ఆకుపచ్చగా ఉంటుంది, తోలులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. మామూలు నీళ్లలో, అంటే ఆమ్లమూ క్షారమూ ఎక్కువగా లేని చోట, అది హైడ్రాక్సైడుగా మారి మట్టికి అంటుకుపోతుంది, దూరం ప్రయాణించదు. ఆరో స్థితిలో ఉన్న క్రోమియం-6 స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. నీళ్లలో అది లోహపు ధన అయానుగా ఉండదు, ఆక్సిజన్‌తో కలిసి క్రోమేట్ అనే రుణ అయానుగా తిరుగుతుంది. మట్టి దాన్ని గట్టిగా పట్టుకోలేదు కాబట్టి నీటితోపాటు పారిపోతుంది. ఆకారంలో సల్ఫేటును పోలి ఉండటం వల్ల శరీర కణాలు దాన్ని సల్ఫేటనుకుని లోపలికి రానిస్తాయి. లోపల అది క్రోమియం-3గా క్షయకరణం చెందుతూ, అంటే ఎలక్ట్రాన్లను తిరిగి తీసుకుంటూ, ఆ క్రమంలో డీఎన్ఏను దెబ్బతీస్తుంది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ క్రోమియం-6 సమ్మేళనాలను మనిషికి కేన్సర్ కలిగిస్తాయని నిర్ధారించిన మొదటి వర్గంలో పెట్టింది. క్రోమియం-3కు ఆ ముద్ర లేదు.

ఒకే మూలకం, రెండు స్వభావాలు. కనుక నీటిని పరీక్షించేటప్పుడు ‘క్రోమియం ఎంత?’ కంటే ముందు ‘ఏ క్రోమియం?’ అని అడగాలి. ఈ రెండో ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే సాధనం ఖరీదైన యంత్రం కాదు. అది నూరేళ్లకు పైగా రసాయన ప్రయోగశాలల్లో ఉన్న ఒక తెల్లని పొడి. పేరు డైఫినైల్‌కార్బజైడ్.

ల్యాబుల్లో లోహాలను కొలిచే పరమాణు శోషణ యంత్రం గానీ ప్లాస్మా యంత్రం గానీ నమూనాను జ్వాలలోకో, అంతకంటే వేడి ప్లాస్మాలోకో పంపి పరమాణువులుగా విడగొడుతుంది. ఆ వేడిలో ఆక్సీకరణ స్థితులన్నీ కలిసిపోతాయి. యంత్రం లెక్కపెట్టేది పరమాణువులనే. అవి ఏ రూపంలో వచ్చాయో దానికి తెలియదు. ముందుగా వేరుచేసే ఏర్పాటు ఉంటే తప్ప అది మొత్తం క్రోమియమే చెప్పగలదు. డైఫినైల్‌కార్బజైడ్ లాంటి రసాయన కారకం పద్ధతి వేరు. అది నీళ్లలో ఉన్న అయానుతో ఉన్నది ఉన్నట్టుగానే తలపడుతుంది.

ఆ తలపడటాన్ని దగ్గరనుంచి చూడటం అవసరం. నూరు మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని సల్ఫ్యూరిక్, ఫాస్ఫారిక్ ఆమ్లాలతో పీహెచ్‌ను ఒకటికీ రెండుకూ మధ్యకు దించుతారు. అసిటోన్‌లో కరిగించిన డైఫినైల్‌కార్బజైడ్ రెండు మిల్లీలీటర్లు పోసి కలుపుతారు. క్రోమియం-6 ఉంటే నీళ్లలో మొదట పలచని గులాబీ ఛాయ లేస్తుంది. నిమిషాలు గడిచేకొద్దీ అది ముదిరి ఊదా కలిసిన ఎరుపవుతుంది. అయిదు నుంచి పది నిమిషాల్లో రంగు నిలదొక్కుకుంటుంది. ఆ నీళ్లను వర్ణమాపకంలో పెట్టి 540 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతి ఎంత శోషణమైందో చూస్తారు. అది ఆకుపచ్చ కాంతి ఉండే చోటు. ఆకుపచ్చను మింగేసిన ద్రావణం కంటికి గులాబీగా కనిపిస్తుంది.

ఇక్కడ జరిగేది రెండంచెల చర్య. క్రోమియం-6 గట్టి ఆక్సీకారిణి. అది డైఫినైల్‌కార్బజైడ్‌ను డైఫినైల్‌కార్బజోన్‌గా ఆక్సీకరిస్తుంది, తాను క్రోమియం-3గా దిగిపోతుంది. అలా అప్పుడే పుట్టిన క్రోమియం-3ను పక్కనే పుట్టిన డైఫినైల్‌కార్బజోన్ పట్టుకుంటుంది. కంటికి కనిపించే రంగు ఈ రెండూ కలిసిన సంశ్లిష్టానిదే. అంటే చివరికి రంగునిచ్చే జంటలో ఉన్నది క్రోమియం-3! మరి నీళ్లలో ముందునుంచీ ఉన్న క్రోమియం-3 ఇదే రంగు ఎందుకివ్వదు? ఈ పరీక్షలో అన్నిటికంటే అందమైన విషయం ఇదే. నీళ్లలో ఉన్న క్రోమియం-3 చుట్టూ ఆరు నీటి అణువులు గట్టిగా అతుక్కుని ఉంటాయి. రాగి లాంటి లోహాల చుట్టూ ఉండే నీటి అణువులు సెకనులో వందకోట్లో వంతు కాలంలోనే చోటు మారతాయి. క్రోమియం-3 చుట్టూ ఉన్న ఒక్క నీటి అణువు కదలాలంటే మాత్రం రోజులు పడుతుంది. కారకం లోపలికి దూరేందుకు సందు దొరకదు. పది నిమిషాల పరీక్షలో ఆ పాత క్రోమియం-3 చర్యలో పాల్గొననే పాల్గొనదు. క్రోమియం-6 నుంచి అప్పటికప్పుడు పుట్టినది మాత్రం నీళ్లు చుట్టుముట్టేలోగానే కార్బజోన్ చేతికి చిక్కుతుంది. ఈ మందకొడితనం వల్లే కారకం రెండు క్రోమియంలనూ వేరుచేసి చూపగలుగుతోంది.

రంగు ఎంత చిన్న మోతాదును పట్టగలదో చేతి లెక్కతోనే చూడవచ్చు. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదు. అదంతా క్రోమియం-6 అనుకుందాం. క్రోమియం పరమాణు భారం 52 కాబట్టి అది లీటరుకు సుమారు 0.00096 మిల్లీమోలు. ఈ సంశ్లిష్టపు మోలార్ శోషణ గుణకం, అంటే అది కాంతిని ఎంత గట్టిగా పీల్చుకుంటుందో చెప్పే అంకె, సుమారు 40,000. ఒక సెంటీమీటరు మందం ఉన్న గాజు పాత్రలో శోషణ 0.038 వస్తుంది. అంటే ఆ ఆకుపచ్చ కాంతిలో నూటికి ఎనిమిది పాళ్లు మాత్రమే ఆగుతుంది. మామూలు పరీక్షనాళికను పక్కనుంచి చూస్తే కంటికి ఇది దాదాపు ఆనదు. అయితే పాతతరం ల్యాబు సహాయకులకు తెలిసిన ఉపాయం ఒకటుంది. సన్నగా పొడుగ్గా ఉండే నెస్లర్ నాళికలో ఆ నీళ్లనే పోసి, కింద తెల్లని పింగాణీ పలక పెట్టి, పైనుంచి నిలువుగా చూడటం. ద్రావణం ఎత్తు 17 సెంటీమీటర్లు ఉంటే శోషణ 0.65 అవుతుంది. ముప్పాతిక వంతుకు పైగా ఆకుపచ్చ కాంతి ఆగిపోతుంది. పక్కన మామూలు నీళ్ల నాళిక పెట్టుకుని పోల్చితే గులాబీ స్పష్టంగా తేలుతుంది. కరెంటు లేకుండా, యంత్రం లేకుండా తాగునీటి ప్రమాణం స్థాయిలో ఒక విషాన్ని కంటితో చూడగలగడం చిన్న విషయం కాదు.

ఇతర భారలోహాల విషయంలో ఈ అదృష్టం లేదు. ఇంటర్మీడియట్‌లో లవణ విశ్లేషణ చేసిన తెలుగు విద్యార్థులందరికీ సీసం పరీక్ష గుర్తుంటుంది. పొటాషియం అయొడైడ్ పోస్తే పసుపు అవక్షేపం వస్తుంది, వేడిచేసి చల్లారిస్తే బంగారు రేకులు మెరుస్తాయి. ఆ దృశ్యం చూసినవారికి నీళ్లలో సీసాన్ని కనిపెట్టడం సులువే అనిపిస్తుంది. కానీ అక్కడ నాళికలో ఉన్నది చిటికెడు సీసపు లవణం. తాగునీటిలో సీసానికి ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఆ నీళ్లలో అయొడైడ్ ఎంత పోసినా చుక్కంత పసుపు కూడా కనిపించదు. 1925లో హెల్ముట్ ఫిషర్ విశ్లేషణలోకి తెచ్చిన డైథిజోన్ దీనికంటే ఎన్నో రెట్లు సున్నితమైనది. క్లోరోఫాంలో ఆకుపచ్చగా ఉండే ఆ కారకం సీసం తగలగానే చెర్రీ పండు ఎరుపుకు మారుతుంది. అయినా లీటరుకు 0.01 మిల్లీగ్రాము సీసం నేరుగా ఇచ్చే శోషణ 0.003 మాత్రమే. పెద్ద మొత్తం నీళ్లలోంచి కొద్దిపాటి క్లోరోఫాంలోకి సీసాన్ని లాగి చిక్కబరిస్తే తప్ప అది కొలతకు అందదు. పైగా జింకు, రాగి, వెండి కూడా డైథిజోన్‌తో రంగులిస్తాయి. వాటిని అడ్డుకోవడానికి సయనైడ్ వాడాలి. ఇంటి ముందు కూర్చుని చేసే పని కాదది. సీసానికీ, లీటరుకు 0.003 మిల్లీగ్రాము మాత్రమే అనుమతి ఉన్న కాడ్మియానికీ యంత్రాలనే ఆశ్రయించాలి. నాలుగు చుక్కలతో అన్ని భారలోహాలనూ పట్టేస్తామని చెప్పే పెట్టెలను కొనేముందు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

డైఫినైల్‌కార్బజైడ్‌కూ లోపాలున్నాయి. నీళ్లలో ఇనుము లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటితే పసుపు ఛాయ వచ్చి కొలతను పక్కదారి పట్టిస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం ఇనుమును కట్టిపడేస్తుంది కాబట్టే దాన్నీ కలుపుతారు. వెనేడియం కూడా రంగునిస్తుంది గానీ పది నిమిషాల్లో వెలిసిపోతుంది, ఆగి చూస్తే చాలు. కారకం ద్రావణం పాతబడితే దానంతట అదే రంగు తేలుతుంది. అలాంటిదాన్ని పారబోసి కొత్తది చేసుకోవాలి.

వీటికంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. సల్ఫైడ్, మురుగులోని సేంద్రియ పదార్థం వంటి క్షయకారిణులు నీళ్లలో ఉంటే, ఆమ్లం పోయగానే అవి క్రోమియం-6ను క్రోమియం-3గా మార్చేస్తాయి. తర్వాత కారకం పోస్తే రంగు రాదు. అబద్ధపు గులాబీ వస్తే మళ్లీ పరీక్షించి తేల్చుకుంటారు, రంగు రాని సీసాను మాత్రం ఎవరూ మళ్లీ ముట్టుకోరు. తోళ్ల కర్మాగారపు వ్యర్థజలంలో సల్ఫైడ్, సేంద్రియ పదార్థం రెండూ సమృద్ధిగా ఉంటాయి. కాబట్టి అక్కడ ఈ పరీక్షలో రంగు రాకపోవడాన్ని యథాతథంగా నమ్మకూడదు. అదే నీళ్లలో తెలిసినంత క్రోమియం-6 కలిపి మళ్లీ పరీక్షించాలి. కలిపినది తిరిగి కనిపిస్తే మొదటి ఫలితం నిజం. కలిపినది కూడా మాయమైతే ఆ నీళ్లే పరీక్షను మింగేస్తున్నాయని అర్థం.

ఇదే చర్య సీసాలో కూడా జరగవచ్చు. చాలా ల్యాబులు లోహాల పరీక్ష కోసం ఇచ్చే సీసాలో ముందుగానే నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి ఉంచుతాయి. సీసం, కాడ్మియం లాంటివి గాజుకో ప్లాస్టిక్‌కో అంటుకోకుండా ఉండటానికి అది సరైన పద్ధతే. క్రోమియం-6కు మాత్రం అది హాని చేస్తుంది, ఎందుకంటే ఆమ్లంలో దాని ఆక్సీకరణ శక్తి పెరిగి, దొరికినదానితో చర్య జరిపి క్రోమియం-3గా దిగిపోతుంది. క్రోమియం-6 కోసం తీసే నమూనాలో ఆమ్లం ఉండకూడదు. చల్లగా, నాలుగు డిగ్రీల దగ్గర ఉంచి 24 గంటల్లో పరీక్షించాలి. ఇంకా ఆలస్యమవుతుందంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే అమోనియం సల్ఫేట్ బఫరుతో పీహెచ్‌ను 9.3 నుంచి 9.7 మధ్యకు తేవాలి. చెన్నై ఎండలో స్కూటరు డిక్కీలో ఒక పూట తిరిగిన సీసా ఇచ్చే ఫలితాన్ని నమ్మడం కష్టం. పొరపాటు మరో వైపు నుంచి కూడా వస్తుంది. గాజు సామాన్లు కడగడానికి పాత ల్యాబుల్లో పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ఎర్రని ద్రావణం వాడే అలవాటు ఉండేది. అది క్రోమియం-6తో చేసిన ద్రావణమే. దానితో కడిగిన పాత్రలో ఈ పరీక్ష చేస్తే కనిపించే గులాబీ నీళ్లది కాదు, పాత్రది.

చట్టం ఈ రెండు క్రోమియంలనూ ఎలా చూస్తోందన్నది కూడా గమనించాలి. పారిశ్రామిక వ్యర్థజలాన్ని నదుల్లోకో చెరువుల్లోకో వదలడానికి పర్యావరణ నిబంధనలు క్రోమియం-6కు లీటరుకు 0.1 మిల్లీగ్రాము, మొత్తం క్రోమియానికి 2 మిల్లీగ్రాములు అని వేర్వేరు హద్దులు పెట్టాయి. ఇరవై రెట్ల తేడా. కాలువలోకి వదిలే నీళ్ల విషయంలో చూపిన ఈ జాగ్రత్త తాగేనీటి ప్రమాణంలో లేదు, అక్కడ మొత్తం క్రోమియం ఒక్కటే ఉంది. మొత్తం 0.05కు లోబడితే క్రోమియం-6 కూడా దానికి లోబడినట్టే కదా అన్న వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఆ 0.05 లోపల ఎంత మేర క్రోమియం-6 ఉందన్నది ఇప్పుడు పట్టించుకోవలసిన ప్రశ్నే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో తాగునీటిలో క్రోమియం-6కు విడిగా లీటరుకు 0.01 మిల్లీగ్రాము అన్న హద్దు అమలులోకి తెచ్చింది. ఇక్కడి ప్రమాణంలో అయిదో వంతు అది. తేటగా ఉన్న బోరునీళ్లలో, వడపోశాక కూడా, క్రోమియం కనిపించిందంటే అందులో అధిక భాగం క్రోమియం-6 అయ్యే అవకాశమే ఎక్కువ. మూడో స్థితిది మట్టిలోనే ఆగిపోతుంది కాబట్టి. ఆ లెక్కన తాగునీటి ప్రమాణంలో క్రోమియం-6కు సొంత వరుస ఉండాలి.

క్రోమ్‌పేటలో వాడేది క్రోమియం-3 అయినప్పుడు క్రోమియం-6 భయం ఎందుకన్న సందేహం రావడం సహజం. మట్టిలోని మాంగనీస్ డయాక్సైడ్ క్రోమియం-3ను నెమ్మదిగా ఆక్సీకరించగలదు. అంతకంటే పెద్ద హెచ్చరిక చెన్నైకి పడమట, పాలారు ఒడ్డున ఉన్న రాణిపేటలో ఉంది. అక్కడ క్రోమేట్ లవణాలు తయారుచేసిన ఒక కర్మాగారం 1990ల మధ్యలో మూతపడింది. లక్ష టన్నులకు మించిన క్రోమియం వ్యర్థాలు కుప్పగా మిగిలాయి. అది తోళ్ల వ్యర్థం కాదు, నేరుగా క్రోమియం-6 ఉన్న వ్యర్థం. ప్రపంచంలోని అత్యంత కలుషిత ప్రదేశాలపై 2006లో అమెరికాకు చెందిన పర్యావరణ సంస్థ బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన జాబితాలో రాణిపేట ఉంది. తమిళనాడు తోళ్ల కర్మాగారాల కాలుష్యంపై వెల్లూరు పౌరుల సంఘం వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని దేశ న్యాయంలో స్థిరపరిచింది. ఆ సూత్రం పనిచేయాలంటే ముందు ఏ క్రోమియం, ఎక్కడి నుంచి వచ్చిందో తేలాలి. చెన్నై అడయారులో 1948 నుంచి ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ వంటి చోట్ల ఆ తేల్చే పనికి కావలసిన అనుభవం ఉంది.

ఇదే కారకం వంటింట్లోకీ వస్తుంది. జార్జిటౌనులోని కొత్వాల్ చావడి మద్రాసు తెలుగువారికి తరతరాలుగా తెలిసిన బజారు, కన్యకాపరమేశ్వరి దేవస్థానంతో ముడిపడిన చోటు. 1996లో కూరగాయల వ్యాపారం కోయంబేడుకు తరలిపోయినా, ఆ వీధుల్లో పసుపు, మిరప, ధనియాల టోకు వ్యాపారం కొనసాగుతోంది. పసుపు కొమ్ములకు మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ పూయడం దక్షిణాసియాలో రుజువైన కల్తీ. ఆ రంగులో సీసం, క్రోమియం-6 రెండూ ఉంటాయి. పసుపులో లెడ్ క్రోమేట్ అసలు ఉండకూడదని మన ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. పరీక్ష కోసం పసుపును కాల్చి బూడిద చేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి వడపోస్తారు. సీసం సల్ఫేటుగా మారి తెల్లగా కాగితం మీద మిగిలిపోతుంది, క్రోమియం కిందికి దిగుతుంది. ఆ ద్రావణంలో డైఫినైల్‌కార్బజైడ్ వేస్తే గులాబీ వస్తుంది. పిల్లల మెదడుకు ముప్పు సీసంతోనే ఎక్కువ. ఇక్కడ దాని జాడ తెలిసేది తోడుగా వచ్చిన క్రోమియం వల్ల. గులాబీ రాకపోతే లెడ్ క్రోమేట్ లేదని చెప్పవచ్చు. సీసమే లేదని చెప్పడానికి మాత్రం ఆ పరీక్ష చాలదు.

బోరునీళ్లు పరీక్షకు ఇచ్చేవారు ల్యాబును మూడు విషయాలు అడగాలి. క్రోమియం-6ను విడిగా కొలుస్తారా, సీసాలో ముందే ఆమ్లం వేశారా, మీ పద్ధతి పట్టగల అతి తక్కువ మోతాదు ఎంత? చివరి ప్రశ్న చాలామంది అడగరు. నివేదికలో ‘కనుగొనబడలేదు’ అన్న మాట పక్కన ఆ అంకె లేకపోతే, ఆ మాటను బట్టి ఏమీ నిర్ణయించలేం. లీటరుకు 0.1 మిల్లీగ్రాము కంటే తక్కువ చూడలేని పద్ధతికి, ప్రమాణానికి దాదాపు రెండింతలున్న నీళ్లలో కూడా ఏమీ కనబడకపోవచ్చు.